దిబ్బరొట్టెలో తెల్ల వెంట్రుక

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునదేమనగా, మా అమ్మాయి చేసే కేకు ఓవెన్‌లోంచి దిగేదాకా మా కుక్కకి వంటింటి ప్రవేశం నిషిద్ధం. నిన్నటి కేకులో దాని వెంట్రుక దొరికింది.

అది చూడగానే మామ్మ చేసే దిబ్బరొట్టె గుర్తొచ్చింది. మీకూ గుర్తుందా, గిన్నెలో మినప్పిండి పోసి, కిందా మూత మీదా నిప్పులేసి కాల్చేవాళ్లు. ఓరోజు తమ్ముడికి దక్కకూడదని, మా తెల్లపిల్లి మల్లి వెంట్రుక తెచ్చి రొట్టె మీద అతికించాను. వాడు ఛీ అని లేచిపోయాడు. మామ్మ మాత్రం తాతయ్యని పిలిచింది.

"ఏవండీ, ఈ పిల్లిని రేవులో పంటు పడవ ఎక్కించి గోదావరి అవతల వదిలేసి రండి."

"అది నీ తెల్లజుట్టేమో మామ్మా" అన్నాను.

"నా జుట్టు ఇంత పొట్టిగా ఉంటుందటే?"

నేనే పెట్టానని చెప్పడానికి నోరు రాలేదు. మల్లిని గోనెసంచిలో పట్టుకుపోయారు. వారం తిరక్కుండా అది వెనక్కి వచ్చి నా కాళ్ల దగ్గర పడుకుంది.

ఇదంతా చెబితే మా అమ్మాయి అడిగింది, "అంత గోదావరి ఎలా దాటిందమ్మా?"

"మళ్లీ పంటు ఎక్కింది, టిక్కెట్టు లేకుండా" అన్నాను. నవ్వేసింది.

తిరిగొచ్చిందన్న ముక్క నేను కల్పించిందే. మల్లి రాలేదు. ఆ రొట్టె మొత్తం నాకే పెట్టారు.