మామయ్య పడవకు రేడియో

ఇంతవరకూ ఎవరికీ చెప్పని విషయం ఒకటుంది. టీవీలో బంగాళాఖాతం అన్న మాట వినబడగానే నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పేస్తాను, అల్పపీడనమో తుఫానో అనే ఆ తర్వాతి మాట చెవిన పడకుండా. నిన్న సాయంత్రమూ అదే చేశాను. గిన్నెలు కడుగుతున్నాననుకుని అమ్మ మురిసిపోయింది.

మేముండేది ఉప్పల్‌లో. ఇక్కడికి సముద్రం రాదు, వచ్చింది మా చిన్న మామయ్య. చౌరస్తాలో మెట్రో స్తంభాలు ఇంకా పుట్టని రోజులవి. కాకినాడ అవతల పల్లెలో ఆయనకో చిన్న ఫైబర్ పడవ ఉండేది. ఆయన, తోడుగా ఇద్దరు దాని మీద వేటకు వెళ్లేవారు. ముందటి ఏడు నడిసముద్రంలో ఇంజను ఆగిపోయి, సెల్‌ఫోన్‌కు సిగ్నల్ అందక, గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోయి, ఎవరి పడవకో కంటబడి బతికారు. పడవలో రేడియో పెట్టేదాకా అన్నం ముట్టనని అమ్మమ్మ పంతం పట్టింది. టీ మాత్రం తాగేదట. అలాంటి సెట్లు వాళ్ల వైపు దొరకవా అంటే దొరుకుతాయి, కానీ బావగారు పనిచేసే చోట కొంటే మోసం ఉండదని మామయ్య నమ్మకం. మా నాన్న నాచారంలో ఒక ఫ్యాక్టరీలో గుమాస్తా. ఆ పక్క సందులోనే వైర్‌లెస్ సెట్లు అమ్మే దుకాణం ఉండేది. నాన్నకు సెలవు దొరక్క, ఇంగ్లీషు చదివి చెప్పడానికి నన్ను తోడు పంపారు. నా గొంతు ఎంతటిదంటే, బస్సులో "ఆపండి" అంటే కండక్టరుకు వినబడక, తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచేదాన్ని. ఆ రోజూ నడిచాం.

దుకాణం ఒక లేత్ వర్క్‌షాపు పైన ఉంది. కింద ఇనుము కోస్తుంటే మెట్లు అదిరేవి, కాలిన నూనె వాసన. దుకాణదారు రెండు సెట్లు బల్ల మీద పెట్టాడు. ఒకటి పడవకు బిగించి, బ్యాటరీకి కలిపి, ఏరియల్ కర్ర నిలబెట్టేది. రెండోది చేతిలో పట్టేది.

"పెద్దది మస్తు దూరం పోతదన్నా. గని బోటు మునిగితే దానెంబడి అది గూడ మునుగుతది. చిన్నది అంత దూరం పోదు, గని నీళ్లల్ల తేలుతది" అన్నాడు.

మామయ్య ముఖం పాలిపోయింది. "ఆ మాట అనకండి బాబూ."

అమ్మమ్మగారింట్లో ఆ మాట పలకరు. పలికితే సముద్రం వింటుందని భయం. గారె పెరుగులో మునిగినా "తడిసింది" అనాలి. చిన్నప్పుడు సెలవులకు వెళ్లి నేను నోరు జారితే, అమ్మమ్మ నా నాలుక మీద ఉప్పు రాసి మూడుసార్లు ఉమ్మించింది.

దుకాణదారు పెద్ద సెట్టు తన దగ్గర ఉంచుకుని, చిన్నది మామయ్య చేతిలో పెట్టి, సందు చివరికి వెళ్లి, ఆపదలో ఉన్నట్టే మాట్లాడి చూడమన్నాడు. పడవ పేరు, ఎక్కడున్నారు, ఎందరు, ఏమైంది, ఈ నాలుగూ చెప్పాలి. ఇద్దరం వెళ్లాం. మామయ్య బొత్తాం నొక్కి మొదటి మూడూ చక్కగా చెప్పాడు. తర్వాత ఆగిపోయాడు.

సెట్టు గరగరలాడింది. "ఏమైందో జెప్పన్నా! పేరు, ఊరు జెప్పి ఊకుంటే ఎట్ల? పెండ్లికి పిలుస్తున్నవా ఏంది?"

మామయ్య పెదవులు కదిలాయి, మాట రాలేదు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఏ సెట్టు కొన్నా ఒకటే. నీళ్ల మీద ఈయన ఇలాగే నోరు మూసుకుంటే ఎవరూ రారు. ఆ మాట నేనంటే సముద్రం వింటుందేమో, అనకపోతే మామయ్యకు ఎప్పటికీ రాదేమో. సెట్టు లాక్కుని బొత్తాం నొక్కాను.

"మా పడవ మునిగిపోతోంది! ముగ్గురం ఉన్నాం! రండి!"

వర్క్‌షాపులోంచి ఇద్దరు బయటికి తొంగిచూశారు. మామయ్య నన్ను కొడతాడేమో అనుకున్నాను. ఆయన సందులోని మట్టి కేసి చూస్తూ నిలబడ్డాడు.

"గట్ల జెప్పాలె!" సెట్టు అరిచింది. "సెట్టు లేకున్నా ఇనొచ్చింది బిడ్డా!"

మామయ్య పైకి వెళ్లి చిన్నదే ఇమ్మన్నాడు. "మా చుట్టూ మా వాళ్ల పడవలుంటాయండి, ఆళ్లకి వినబడితే చాలు. ఇది నడుముకి కట్టుకుంటాను."

ఆ ఏడాది తుఫానులో ఆయన పడవ బోల్తా పడింది. తోడున్న ఇద్దరినీ పక్క పడవవాళ్లు లాగి బతికించారు. మామయ్య దొరకలేదు. నాలుగూ చెప్పాడని, ఒక్కటీ మింగకుండా మళ్లీ మళ్లీ చెప్పాడని, అది విని వచ్చినవాళ్లు అమ్మమ్మతో అన్నారు. ఇన్నేళ్లకు ఆయన ముఖం గుర్తు తెచ్చుకోవాలంటే ఫొటో కావలసి వస్తోంది, గొంతు మాత్రం ఇంకా చెవిలోనే ఉంది. సెట్టు కొన్న సాయంత్రం ఆయన్ను ఉప్పల్‌లో బస్సెక్కించి, కిటికీ దగ్గర నిలబడి, అవసరమైతే ఆ మాట అంటావా మామయ్యా అని అడిగాను. బస్సు కదిలాక ఆయన తల బయటికి పెట్టి అన్నాడు:

"ఆడపిల్లవి, నువ్వే అనేశావు కదే అమ్మడూ. నేననలేనేటి? ఎల్లు, ఇంటికెల్లు."