మూడో ఆరు

నార్కట్‌పల్లి చౌరస్తాలో జిరాక్స్ దుకాణం నడిపే పుష్పకు రాక్షసులను ఎక్కడ నిలబెట్టాలో బాగా తెలుసు. తలుపు ఎదురుగా ఎప్పుడూ పెట్టదు. తలుపు తీసినవాడు రెండడుగులు లోపలికేసి, హమ్మయ్య అనుకున్నాక, వెనక మూల నుంచి వదులుతుంది. "ముందే కనవడితె భయమేముంటది?" అంటుంది, ఎవరిదో ఆధార్ కార్డు లామినేషన్ చేస్తూనే.

ఈ రాక్షసులు వేలెడంత ప్లాస్టిక్ బొమ్మలు. కరోనా రెండో విడత తగ్గిన ఏడాది దుకాణానికి వచ్చాయి. తెచ్చినవాడు దివాకర్. హుజూర్‌నగర్ పిల్లవాడు, దగ్గర్లోని దవాఖానలో హౌస్‌సర్జన్. హాస్టల్లో ఎవరో సీనియర్ వదిలిపోయిన పాత ఆట పెట్టె ఒకటి సంకలో పెట్టుకొచ్చి, "అక్కా, ఇందుల కొన్ని కార్డులు పోయినయి. ఫోన్ల ఫొటోలున్నయి, కలర్ జిరాక్స్ తీస్తవా?" అన్నాడు.

పుష్ప పెట్టెలోకి తొంగిచూసింది. గళ్లు గీసిన పెద్ద అట్ట. అట్ట నిండా గదులు, సొరంగాలు. బొటనవేలంత తలుపులు, శవపేటికలు, గొడ్డళ్లు పట్టుకున్న ఆకుపచ్చ మూకలు. "ఇది చిన్నపోరగాండ్లదా?"

"కాదక్కా. నలుగురి దాక వీరులు సొరంగంల దిగుతరు. పాచిక పడ్డన్ని గళ్లు నడుస్తరు, పాచికతోనే కొట్లాడుతరు. ఒక్కరు మాత్రం వీళ్ల దిక్కు కాదు. రాక్షసులందరినీ ఆ ఒక్కరే నడిపిస్తరు. తలుపెనక ఏమున్నదో ఆ ఒక్కరికే ఎరుక."

"నాకు గదియ్యి," అంది పుష్ప.

ఆమె జీవితంలో అంత వేగంగా తీసుకున్న నిర్ణయం మరొకటి లేదు. డిగ్రీ రెండో ఏట ఆపడానికి నెలలు పట్టింది. డీసీఎం వ్యాను నడిపే హనుమంతును చేసుకోవడానికి ఏడాది పట్టింది. రాక్షసుల పక్షం వహించడానికి మాత్రం అర నిమిషం చాలింది.

ఆదివారం మధ్యాహ్నం గిరాకీ ఉండదు. కౌంటర్ మీద అట్ట పరిచారు. దివాకర్ మంత్రగాడు, హనుమంతు మరుగుజ్జు. గొర్ల మందను తమ్ముడికి అప్పజెప్పి చాయ్ కోసం వచ్చిన పుష్ప తండ్రి మల్లప్పను కూడా కూర్చోబెట్టి గండ్రగొడ్డలి వీరుణ్ని చేశారు. మల్లప్ప పాచిక దొర్లించాడు. ఆరు పడింది. ఆరు గళ్లు నడిచి, ఎవరినీ అడగకుండా పాచిక మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

ఎవరూ కాదనలేదు. ఎందుకంటారు? అష్టాచెమ్మా ఆడినా, పచ్చీసు ఆడినా పెద్ద పందెం పడితే మళ్లీ వేస్తారు. అరుగు మీద గవ్వలు పట్టుకోవడంతోపాటే చేతికి వచ్చే అలవాటు అది. దానికి తోక కూడా ఉంది: వరసగా మూడుసార్లు పెద్ద పందెం పడితే మూడూ మురిగిపోతాయి, కాయ లేచిన చోటికే వస్తుంది. ఆ సాయంత్రమే దివాకర్ మంత్రగాడికి మూడు ఆర్లు పడి మురిగిపోయాయి. మంత్రగాడు పోయి మళ్లీ రాక్షసుల నడుమే నిలబడ్డాడు.

"ఏం డాక్టరయ్యా, జర ఊపిరున్నదా చూడు నీకు," అన్నాడు హనుమంతు.

"మామా, నీ అల్లుణ్ని నోరు మూసుకోమను," అన్నాడు దివాకర్ మల్లప్పతో.

"మురిగినంక గాయిగాయి చేసుడేందిరా," అని మల్లప్ప తీర్పు చెప్పాడు.

ఆటలు మెదడుకు మేత అనీ, కుటుంబాలను దగ్గర చేస్తాయనీ రాసేవాళ్లు ఎప్పుడూ ఆడి ఉండరు. ఈ కుటుంబం ఆ అట్ట చుట్టూ పోట్లాడుకున్నంతగా పొలం గట్టు మీద కూడా పోట్లాడుకోలేదు. పుష్ప ఆడింది బాగుపడటానికి కాదు. తలుపు తీసే ముందు మొగుడి మొహం చూడటం ఆమెకు మహా సరదా, అంతే.

రెండేళ్లలో పెట్టెలోని కథలన్నీ అయిపోయాయి. ఈ ఆటకు ఎక్స్‌పాన్షన్లు ఉంటాయని దివాకర్ చెప్పాడు. అంటే కొత్త సొరంగాలు, కొత్త రాక్షసులు, కొత్త నియమాలతో వచ్చే అదనపు పెట్టెలు. పాత పెట్టె లేకుండా అవి నడవవు. మంచు గుహలదొకటి, చచ్చి లేచినవాళ్ల కోటదొకటి, ఇలా నాలుగు. తయారీ ఎప్పుడో ఆగిపోయింది. పుష్ప ఊరుకోలేదు. తనే ఒకటి చేసింది.

దాని పేరు 'మంద'. గుట్టకు ఇటు కరువు, అటు గడ్డి. మధ్యలో సొరంగం. వీరులు గొర్ల మందను అటు దాటించాలి. చింతగింజలను ఒకవైపు తెల్లగా గీకి గొర్లను చేసింది. ఎందరు రాక్షసులను చంపినా ఏమీ రాదు, గొర్రె దాటితేనే లెక్క. మందంతా పొట్టేలు వెనకే నడుస్తుంది. పొట్టేలు చిక్కితే ఆట ఖతం. మల్లప్ప రోజూ ఒక తప్పు పట్టేవాడు. "గొర్లు చీకట్ల గట్ల సక్కగ నడువయి బిడ్డా, గోడకు ఒరుసుకుంట పోతయి." ఆమె గోడ వెంబడి గళ్లు మళ్లీ గీసేది. వీరులు మరీ తేలిగ్గా గెలుస్తున్నారని రాక్షసులకు బలం పెంచింది, మళ్లీ పెంచింది.

అంతలో, హౌస్‌సర్జన్సీ అయ్యాక అదే దవాఖానలో డ్యూటీ చేస్తున్న దివాకర్‌కు పీజీ సీటు వచ్చింది. వరంగల్ పోవాలి. పెట్టె అతనిది, అతనితోనే పోతుంది. పెట్టె పోతే 'మంద' చింతగింజల కుప్ప.

సరిగ్గా అప్పుడే హైదరాబాదులో బల్లమీది ఆటల బృందం ఒకటి పోటీ పెట్టింది. అదే పాత ఆటకు ఇంట్లో చేసిన ఎక్స్‌పాన్షన్లు తెమ్మన్నారు. ఆడినవాళ్ల ఓట్లు ఎక్కువ వచ్చినదానికి బహుమతి: అసలు పెట్టె, నాలుగు అదనపు పెట్టెలు, ఒక్క బొమ్మ కూడా పోకుండా. ఒక్కటే షరతు. ప్రతిదాన్నీ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొత్తవాళ్లు ఆడతారు. రెండింట్లో ఒక్కసారైనా చివరిదాకా చేరాలి, లేకపోతే పోటీలోంచి తీసేస్తారు.

పుష్ప, మల్లప్ప సూర్యాపేట నుంచి వచ్చే బస్సెక్కారు. హాల్లో నిర్వాహకురాలు కరుణ మైకు పట్టుకుని, "గ్రామీణ మహిళా ప్రతిభకు..." అని మొదలుపెట్టింది.

"గ్రామం కాదు మేడం, హైవే," అంది పుష్ప. హాలంతా నవ్వింది.

తర్వాత నవ్వు రాలేదు. పొద్దుటి బల్ల మీద పుష్ప రాక్షసులను నడిపితే, నలుగురు కుర్రాళ్లు రెండో గదిలోనే చచ్చారు. పుష్పకు అర్థం కాలేదు. దుకాణంలో మల్లప్ప బీడీ ఆరేలోపు మంద రెండో గది దాటేది. అప్పుడు చూసింది: ఆరు పడినా పాచిక పక్కవాడికి ఇచ్చేస్తున్నారు.

"అయ్యో, ఆరు పడ్డది గద! మళ్ల ఎయ్యవా?"

"ఎందుకేయాలి?" అన్నాడు కుర్రాడు, నిజంగానే తెలియక.

కరుణ నియమాల పుస్తకం తెచ్చింది. ఇద్దరూ మొదటి పేజీ నుంచి చివరి దాకా తిరగేశారు. ఎక్కడా లేదు. రెండేళ్లు, ఇంగ్లిషు పుస్తకం గడగడా చదివే దివాకర్‌తో సహా, నలుగురూ లేని నియమంతో ఆడారు! పుష్ప రాక్షసుల బలం పెంచింది ఆ నియమాన్ని లెక్కలో పెట్టుకునే.

"రూలు కాగితం మీద ఉండాలి కదండీ," అంది కరుణ. "మీ ఎక్స్‌పాన్షన్‌లో రాసి ఉంటే ఎవరూ కాదనరు. రాయనిది రూలు కాదు."

"ఇప్పుడు రాయొచ్చా?"

కరుణ గడియారం చూసింది. "మధ్యాహ్నం ఆటలోపు."

పుష్ప పెన్ను తీసి, 'మంద' నియమాల మొదటి కాగితం మీద పెద్దక్షరాలతో రాసింది: ఆరు పడితే మళ్లీ వేయాలి. అంతే. అన్నం కూడా తినలేదు.

మధ్యాహ్నం బల్ల మీద ముగ్గురు కాలేజీ అమ్మాయిలు, పాతబస్తీ నుంచి వచ్చిన తెల్లగడ్డం పెద్దమనిషి ఒకాయన. మొదటి ఆరు పడగానే పెద్దాయన పాచికను ముద్దుపెట్టుకుని మళ్లీ వేశాడు. ఇక చూడండి! అరుపులు, బల్ల మీద గుద్దులు. పక్క బల్లలవాళ్లు తమ ఆటలు వదిలేసి వచ్చి నిలబడ్డారు. "గొర్రెను లాగు, గొర్రెను!" అని హాలు హాలంతా ఒకటే గోల. మంద రెండో గది దాటింది. మూడోది దాటింది. చింతగింజలు ఒక్కొక్కటే అవతలి గడ్డికి చేరాయి.

చివరికి పొట్టేలు మిగిలింది. దాన్ని భుజాన వేసుకున్న వీరుడు పెద్దాయనే. ద్వారం పద్దెనిమిది గళ్ల దూరం. వెనక గదినిండా పుష్ప రాక్షసులు. ఈ వంతులో దాటకపోతే పట్టేస్తారు. దుకాణంలో అయితే పదిహేడుకు మించి నడిచే దారే లేదు, ఆ పొట్టేలు మీద ఆశ అక్కడే వదులుకునేవాళ్లు.

ఆరు. హాలు అరిచింది.

ఆరు. అమ్మాయిలు కుర్చీలెక్కారు.

పెద్దాయన కళ్లు మూసుకుని చెయ్యి ఊపాడు. పాచిక బల్ల అంచుదాకా దొర్లి ఆగింది. ఆరు.

కప్పెగిరిపోయేంత కేక. పెద్దాయన చింతగింజను నెత్తిమీద పెట్టుకుని తిరుగుతున్నాడు. ఆ గోలలో మల్లప్ప నోరు తెరిచాడు. "అరె, మూడు ఆర్లు మురి..."

పుష్ప బల్ల కింద తండ్రి కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది.

ఓటుకు చేతులెత్తమన్నప్పుడు 'మంద'కు ఎత్తని చెయ్యి కోసం వెతకాల్సి వచ్చింది.

బస్సులో బహుమతి పెట్టెలు పుష్ప ఒడిలో పట్టక రెండు మల్లప్ప ఒడిలో ఉన్నాయి. చౌటుప్పల్ దాటాక ఆయన అన్నాడు: "మురిగినయే."

"కాయిదం మీద ఉన్నదా బాపూ?"

"లేదు."

"రాయనిది రూలు గాదట. వాళ్లే చెప్పిండ్రు, నేను చెప్పిన్నా?"

మల్లప్ప కిటికీలోంచి బయటికి చూశాడు. నవ్వాడో లేదో తెలియలేదు.

ఆ ఆదివారం కొత్త పెట్టె విప్పారు. వరంగల్ బస్సెక్కే ముందు దివాకర్ కూడా వచ్చాడు. మంచు గుహల్లో పుష్ప తెల్ల రాక్షసి మరుగుజ్జును తరుముతోంది. ఆమె వేసింది. ఆరు. మళ్లీ ఆరు. హనుమంతు తల పట్టుకున్నాడు. మళ్లీ ఆరు. పుష్ప లేచి గంతేసింది.

మల్లప్ప ఆ రాక్షసిని రెండు వేళ్లతో ఎత్తి, బయల్దేరిన గడిలో తిరిగి పెట్టాడు.

"బాపూ, కాయిదం మీద..."

"గది హైదరాబాద్‌ల బిడ్డా," అన్నాడు మల్లప్ప, పాచికను అల్లుడి చేతికిస్తూ. "ఇది నార్కట్‌పల్లి."