సత్తయ్య వాకిలికి కట్టిన రేటు

శ్రీ లక్ష్మీనరసింహస్వామికి జయము. పొద్దున్నే లేపి, చేతికి పని ఇచ్చి, ఆ పనికి తగిన బుద్ధినీ ఇచ్చే స్వామి ఆయన. మా భజన మండలిలో పెద్దలు నేర్పినట్టు, ఆయన నామం తలచుకున్నాకే ఏ మాటైనా.

కరోనా సద్దుమణిగిన మరుసటి వర్షాకాలంలో మా సంస్థ నన్ను మేడ్చల్ బ్రాంచికి సీనియర్ ఎస్టిమేటర్‌గా వేసింది. రిటైరయ్యేదాకా అక్కడే చేశాను. యంత్రంతో నీళ్లు జోరుగా కొట్టి ఇళ్ల బయటి గోడలు, వాకిళ్లు కడగడం మా పని. కడిగేది ఆపరేటర్, ముందు వెళ్లి చూసి రేటు చెప్పేది ఎస్టిమేటర్. అడుగులు కొలవడం సులువే. అది ఏ రాయి, పట్టింది దుమ్మా పాచా, మురికినీళ్లు ఎటు పారతాయి అన్నవి చూడకుండా రేటు నోట రాకూడదు.

లాల్‌గడి మలక్‌పేట్ నుంచి సత్తయ్య అనే రిటైర్డ్ బస్సు మెకానిక్ ఫోన్ చేశారు. ఆయన భార్య బాలమణమ్మ వాకిట్లో పాచి మీద జారిపడితే తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది, శుక్రవారం ఇంటికి తెస్తున్నారు. ఆ వాకిట్లో మళ్లీ కాలు పెట్టనని ఆమె మొండికేసిందట. "ఫోన్లనే రేటు చెప్పుండ్రి సారూ, ఇంకొకాయన అందరికన్న సగానికే చేస్తనంటుండు" అన్నారు. చూడకుండా చెప్పనని బయల్దేరాను.

వాకిలంతా షాబాద్ బండలు, ప్రహరీ నల్లగా ఉంది. మా పద్ధతిలో ముందు ఒక మూల కొంచెం జాగా కడిగి చూస్తాం. మామూలు జోరుకే బండ పైపొర అప్పడంలా లేచివచ్చింది. ఇదివరకు దేనితో కడిగేవారని అడిగాను.

"ఏటా బోనాలకు ముంగట యాసిడ్ పోసి రుద్దుతం సారూ. మస్తు తెల్లగయితది!"

కారణం అదే. షాబాద్ బండ సున్నపురాయి, దాన్ని యాసిడ్ తినేస్తుంది. పడిన గుంటల్లో పాచి ఇంకా గట్టిగా పడుతుంది. సగం రేటువాళ్లు పూర్తి జోరుతో కొడితే ఆ రోజుకు మెరుస్తుంది, కానీ సందుల్లో సిమెంటు పోయి బండలు కదులుతాయి. వాకర్‌తో నడిచే మనిషికి పాచి కన్నా కదిలే బండే ప్రమాదం. జోరు తగ్గించి, చేత్తో బ్రష్ పట్టి, సందులు మళ్లీ నింపాలి. ఆ లెక్కన రేటు చెప్పాను.

"గింతనా? బండలు కడుగుతరా, బంగారం పూస్తరా?" అన్నారు సత్తయ్య. ఆస్పత్రికే ఉన్నదంతా అయిపోయిందని కూడా చెప్పారు.

టేపు చుట్టేశాను కానీ కదల్లేదు. ఆమె ఎక్కడెక్కడ నడుస్తుందని అడిగాను. ఆటో దిగే గేటు నుంచి మెట్టుదాకా, అక్కడి నుంచి వెనక స్నానాలగదిదాకా ఆయన నడిచి చూపించారు. వాకర్ పట్టేంత వెడల్పున ఆ దారి ఒక్కటే కొలిచి రేటు కట్టాను. గోడలు, మిగతా వాకిలి వదిలేశాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు.

ఒప్పుకోనిది మా సంస్థే. సగం కడిగితే మిగతాది ఇంకా మురికిగా కనిపించి ఫిర్యాదులొస్తాయని, ముక్కపని తీసుకోకూడదని మాకు రూలు. మా మేనేజర్ ఫోన్లో నవ్వారు: "నెత్తి మీద పాపిట తీసినట్టు వాకిలి కడుగుతవా? రేపు తిట్లు ఎవలు తినాలె?" నేనే తింటానన్నాను, నా సంతకంతోనే చేయమన్నాను, ఒప్పుకునేదాకా ఆ ఇంటి అరుగు దిగనన్నాను. చివరికి సరేనన్నారు.

శుక్రవారం, పూర్తయిన పని చూడటానికి నేను వెళ్లేసరికి ఆమె ఆటో వచ్చింది. బాలమణమ్మ వాకర్ ఆనించి, ఒక బండను పాదంతో రుద్ది చూసి, ఇంకోదాన్ని చూసి, అప్పుడు అడుగేశారు. సత్తయ్య ఆమెకు ఎదురుగా చేతులు చాపి, వెనక్కి వెనక్కి నడిచారు. మెట్టు చేరాక ఆమె చుట్టూ చూసి గట్టిగానే అన్నారు: "ఏందయ్యా, గోడలు గట్లనే ఇడిసిండ్రు? సగం పనికి పైసలిచ్చినవా?"

"నువ్వు గోడల మీద నడుస్తవా ఏందే?" అన్నారు సత్తయ్య.

ఆ తరువాత ఏ ఇంటికి వెళ్లినా టేపు తీయకముందే అక్కడ ఎవరు నడుస్తారో అడిగేవాణ్ణి. పని ఎవరి కోసమో తెలిస్తేనే ఎంత చేయాలో తెలుస్తుంది, రేటు దాని వెనకే వస్తుంది. ఆమెలా ఇవాళ మళ్లీ నడక నేర్చుకుంటున్న వారందరికీ స్వామి ధైర్యం ఇవ్వాలని, చదివిన మీరూ నాతో కలిసి ఒక్కసారి చేతులు జోడించండి.