నికోలాసా వేసిన పేద వేషం

నికోలాసాకు మొక్కజొన్న రొట్టెలు చేయడం రాదు. పదిహేనేళ్లకే రాజధానికి పనికి వెళ్లి, అక్కడ జుట్టు కత్తిరించడం నేర్చుకుని, భర్త పోయాక గ్వాటెమాల కొండల్లోని సొంతూరికి తిరిగొచ్చి ముందుగదిలో బ్యూటీ పార్లరు పెట్టుకున్న మనిషి. రొట్టెలు పక్కింటి తొమాసా దగ్గర కొనుక్కుంటుంది. గ్యాసు పొయ్యి మీద కూర వండుకుని టీవీ చూస్తూ తింటుంది.

జూలై వస్తే మాత్రం ఆమె బతుకు మారిపోయేది. అమెరికా చర్చిల నుంచి కుర్రకారు సేవ చేయడానికి, పనిలో పనిగా సంస్కృతి నేర్చుకోవడానికి దిగేవారు. వాళ్లను ఇళ్లలో సర్దే పెత్తనం పాస్టరు అబెలీనోది. పార్లరుకు తాళం వేయమనీ, టీవీ మీద దుప్పటి కప్పమనీ, పెరట్లో కట్టెల పొయ్యి పెట్టమనీ ఆయనే చెప్పాడు.

“వాళ్లు అంత దూరం నుంచి వచ్చేది నీ టీవీ చూడ్డానికా అక్కా? వాళ్లిళ్లలో లేదా ఏంటి?” అన్నాడు.

పిల్లలను ఉంచుకున్నందుకు ఇచ్చే డబ్బు బాగానే ఉండటంతో నికోలాసా ఒప్పుకుంది. పెట్టె అడుగు నుంచి వాళ్లమ్మ నేత రవిక తీసి తొడుక్కుంది. పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు మాడ్చింది. పిల్లలు ఆ మాడు రొట్టెలనే కళ్లు మూసుకుని నమిలి, ఇంత అసలైన రుచి ఎన్నడూ ఎరగమని దుబాసీ చేత చెప్పించారు. పొగకు ఆమె కళ్లు చెమరిస్తే వాళ్లు వెక్కి వెక్కి ఏడ్చారు. మూడో ఏడాదికి వేషం ఆమెకు బాగా వంటబట్టింది. పొగ లేకపోయినా నిట్టూర్చడం నేర్చుకుంది.

ఆ ఏడు వచ్చినవాళ్లు బడి గోడకు రంగు వేశారు. కిందటేడు వాళ్లు వేసిన పసుపు ఇంకా మాయనే లేదు. దాని మీదే నీలం పూశారు. ఊళ్లో రంగులు వేసి బతికే మేస్త్రీ పనిలేక ఎదురరుగు మీద కూర్చుని చూశాడు. అతన్ని ఎవరూ పిలవలేదు. కేలీ అనే అమ్మాయి నెత్తిన డబ్బా ఒలికి, మధ్యాహ్నానికి జడ అట్టకట్టింది. వాళ్ల నాయకుడు బ్రెంట్ ప్రార్థన చేసి, రంగు కడిగే నూనె ఆ తల మీద పోయబోయాడు.

పిల్లలకు రొట్టెలు తెచ్చిన నికోలాసా చూస్తూ ఊరుకోలేకపోయింది. “ఆపరా నాయనా, పిల్ల కళ్లు పోతాయి” అని సీసా లాక్కుని, కేలీని రెక్క పట్టుకుని ఇంటికి తీసుకెళ్లి, పార్లరు తాళం తీసింది. అద్దాలు, తిరిగే కుర్చీ, హెయిర్ డ్రయ్యర్లు చూసి, వెనకే వచ్చిన పిల్లలు గుమ్మంలో నోరు తెరిచారు. ఆమె రంగు పట్టినంత మేర కత్తిరించి, తలంటి, ఆరబెట్టింది. సాయంత్రానికి మిగతా ఆడపిల్లలూ వరస కట్టారు. అన్నాళ్లూ ఆమెను చూసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు మొదటిసారి ఆమెతో నవ్వారు.

బ్రెంట్ ఒక్కడే మొహం ముడుచుకున్నాడు. తమను మోసం చేశారని పాస్టరుకు ఫిర్యాదు చేశాడు. ఆయన రొప్పుకుంటూ వచ్చి, సంస్కృతినంతా ఒక్క పూటలో పాడుచేశావని నికోలాసాను తిట్టిపోశాడు.

“నా సంస్కృతి ఇదే తమ్ముడూ. కూర్చో, నీ మీసం కూడా సరిచేస్తాను” అందామె.

మరుసటేడు పాస్టరు పిల్లలను తొమాసా ఇంట్లో దించాడు. ఆమె రొట్టెలు చేయగలదు గాని, అప్పుడే కొత్త ఫ్రిజ్ కొనుక్కుంది. ముందురోజే దాన్ని పార్లరుకు మోయించింది.

“వాళ్లు పోయేదాకా నీ దగ్గరుంచు వదినా. లోపల మాంసం ముట్టుకోకు.”

నికోలాసా మాంసం ముట్టుకోలేదు. పక్కనే కూల్‌డ్రింక్ సీసాలు పేర్చి, జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చినవాళ్లకు చల్లగా అమ్ముకుంది. జూలై అంతా పార్లరు కిటకిటలాడింది.