కొసరు చేప

మోకాలి ఆపరేషన్ అయ్యాక మా ఆవిడ మంచానికే అతుక్కుపోయింది. నడిపించమని డాక్టరు చెప్పి పంపాడు. వాకర్ తెచ్చి పక్కన పెడితే, దాని మీద తువ్వాలు ఆరేసింది.

టీవీ కూడా విసుగొచ్చిందామెకు. "కదిలేది ఏదన్న తెచ్చిపెట్టయ్యా, పొద్దుమీకి నిన్ను జూసుడు నాతోని అయితలేదు" అంది. అట్లా మా ఇంట్లోకి, ఆవిడ మంచానికి ఎదురుగా అద్దాల తొట్టి, అందులోకి నాచు, నీళ్లు వడగట్టే స్పాంజి, వేలిగోరంత ఎర్ర రొయ్యలు వచ్చాయి. మంచినీళ్లలో బతికే రకం.

అవి కొన్ననాడు క్లాక్ టవర్ దగ్గరి చేపల దుకాణంలో గంటసేపు బేరం చేశాను. దుకాణాల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, కొసరు అడగకుండా లేవడం మా ఇంటా వంటా లేదు.

"కొసరు ఏదీ, తమ్మీ?"

"రొయ్యలకు కొసరేంది సేటూ!"

"కొసరు లేని సౌదా ఉంటదా?"

అతను తల కొట్టుకుని, వలతో ఒక గప్పీ చేపను తీసి కవర్లో వేశాడు. "తోక జూడుండ్రి, నెమలి తీర్గ ఉన్నది. పెద్ద రొయ్యల జోలికి పోదు."

కోట గెలిచినట్టు ఇంటికొచ్చాను.

ఆవిడ చూడడానికి, నేను చాకిరీకి. పాలమూరు బోరు నీళ్లు పోస్తే అద్దానికి తెల్లగా ఉప్పు కడుతుంది. నల్లా నీళ్లకేమో బ్లీచింగ్ వాసన. అందుకని నల్లా నీళ్లే పట్టి, బకెట్లో ఒక రోజు ఉంచి, పాతవి కొంచెం తోడి, కొత్తవి చెంబుతో అద్దం వెంట జారుస్తూ పోయాలి. నీళ్లు గబుక్కున మారితే రొయ్యలు తట్టుకోలేవు. వంగితే నడుము పట్టేది, లేస్తే మోకాళ్లు. నావి కూడా ఆవిడతోపాటే కోయించుకుని ఉంటే ఫీజు కలిపి తగ్గించమని డాక్టర్ని అడిగేవాణ్ణి.

ఒకనాడు ఆవిడ కేకేసింది. "గా పెద్దదాని కడుపు కింద ఏందో జూడు!" దగ్గరికి పోయి చూస్తే, కాళ్ల మధ్య గసగసాలంత గుడ్లు. వాటికి నీళ్లు తగిలేలా ఆ తల్లి కాళ్లతో విసురుతూనే ఉంది.

"పిల్లలు కానియ్యి. లేచి, దగ్గరికి పోయి జూస్త" అంది ఆవిడ.

నేను ఎంత బతిమాలినా కదలని కాళ్లు. ఆ మాటతో నాకు రొయ్యల మీద భక్తి పుట్టింది. పాలకూర ఉడకబెట్టి పెట్టాను. వారాలు గడిచాయి. ఒక పొద్దున చూస్తే తల్లి కడుపు కింద ఖాళీ. తొట్టి అంతా వెతికాను. ఒక్క పిల్ల లేదు.

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. అటు తిరిగే అంది: "గా తోక చేప నిన్నటి సంది నాచుల మూతి వెట్టి ఏం ఏరుకతింటాందో జూసినవా?"

పెద్ద రొయ్యల జోలికి పోదన్నాడు. చిన్నవాటి సంగతి నేను అడగాల్సింది. పైసా పెట్టకుండా పుక్కటికి వస్తున్నప్పుడు నా నోరు ఎప్పుడూ మూతబడే ఉంటుంది.

చేపను కవర్లో పట్టుకుని మధ్యాహ్నపు ఎండలో మళ్లీ దుకాణానికి పోయాను.

"కొసరు వాపస్ ఇచ్చెటోణ్ణి మిమ్ములనే జూస్తున్న, సేటూ. బదుల్ ఏం గావాలె?"

"ఏమొద్దు."

అతను నా మొహంలోకి చూశాడు. "పానం మంచిగున్నదా?"

ఇంటికొచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. తువ్వాలు కింద పడి ఉంది. ఆవిడ తొట్టి ముందు వాకర్ పట్టుకుని నిలబడి, అద్దానికి నుదురు ఆనించింది.

"సప్పుడు జెయ్యకు. చేప పోయింది గద, ఏమన్న మిగిలినయా అని లేచిన. గీ స్పాంజి ఎనక జూడు."

నాకేమీ కనిపించలేదు. ఆవిడ తన కళ్లద్దాలు తీసి నాకు పెట్టింది. వెంట్రుక ముక్కలాంటి రొయ్యపిల్ల, నీళ్ల రంగే. రెండు నల్లటి చుక్కలు కళ్లు.

"ఒక్కటేనా?"

"ఒక్కటే. నీ బేరం కంట వడకుండ దాసుకున్నది."

నవ్వబోయి తూలింది. భుజం ఆనించాను. కాళ్లు వణుకుతున్నాయి, ఆమెవీ నావీ.

"కూసుంటవా?"

"జరసేపు ఉండు."

నల్లా వచ్చే వేళ దాటిపోతోంది, బకెట్ ఇంకా పెట్టలేదు. కదిలితే ఆవిడ పడిపోతుందని, అలాగే నిలబడ్డాను.