ఆంజనేయప్ప విన్న బేరింగు

చిక్కబళ్ళాపుర బైపాసు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. బోర్డెందుకు? టీ అంగట్లో "ఆంజనేయప్ప షెడ్డు యాడప్పా?" అని అడిగితే చాలు, టీ పోసేవాడు గ్లాసు పట్టుకున్న చేత్తోనే దారి చూపిస్తాడు. ఆంజనేయప్ప పుట్టింది గూళూరులో. మొదట బోరుబావుల మోటార్లు బాగుచేశాడు, ఆ తర్వాత ట్రాక్టర్లు, లారీలు. తీరా అరవై దగ్గరపడ్డాక, విచిత్రం చూడండి, ఆదివారాలు బెంగళూరు నుంచి నంది కొండకు షికారొచ్చే స్పోర్ట్స్ కార్లు ఆయన షెడ్డు ముందు వరస కట్టడం మొదలైంది.

ఆయన పనితనమంతా చెవిలోనే ఉందని అందరూ అంటారు. మూరెడు స్క్రూడ్రైవరు మొన ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు ఒత్తిపెట్టి, కళ్ళు మూసుకుంటాడు. అర నిమిషం. ఆ తర్వాత "వాటర్ పంపు, ఇంకో నెల వస్తాది" అంటాడు. నెలకు అది పోవాల్సిందే! కంప్యూటరు తగిలించి పొద్దంతా చూసేవాళ్ళు తేల్చలేనిది ఈయన టీ చల్లారేలోగా తేల్చేవాడు. ఆ గర్వం ఆయనకు కొంచెం ఉండేది. ఉండదా మరి?

ఆ కార్లలో ఒక రకం ఉంది. జర్మనీది, ఇరవై ఏళ్ళ పాతది, ఇంజన్ వెనకవైపు ఉంటుంది. ఆ ఇంజన్ పొట్టలో గుప్పెట్లో పట్టేంత బేరింగు ఒకటి ఉంటుంది. కొందరికి అది కారు ఉన్నన్నాళ్ళూ తిరుగుతుంది. కొందరికి మాత్రం ఉన్నట్టుండి ముక్కలై ఇంజన్‌నంతా నమిలేస్తుంది. జబ్బు అందరికీ తెలిసిందే, ఎవరికి వస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. మార్చాలంటే గేరుబాక్సు దించాలి, సామాను బయటి దేశం నుంచి రావాలి. అందుకే ఆ కార్ల ఆసాములు ఎక్కడ కలిసినా ఇడ్లీ ముందు పెట్టుకుని ఇదే వాదన. సాఫ్ట్‌వేరు ప్రమోద "నూటికి ఏడెనిమిదే పోతాయి" అని లెక్క చెబుతాడు. "ఆ ఎనిమిదిలో నీదుంటే నీకు నూటికి నూరే కదా స్వామీ" అని డాక్టరు నరసింహయ్య నవ్వుతాడు. ఆయన తనది ముందే మార్పించేసుకున్నాడు, నవ్వక ఏం చేస్తాడు!

అంబరీష్‌కు ఈ లెక్కలు పట్టవు. చింతామణిలో అతనిది టమోటా మండీ. చిన్నప్పటి నుంచీ మోజుపడి, ఎవరో వాడేసిన నీలం కారు కొన్నాడు. పెళ్ళయి ఏడాది. భార్య నేత్రను ఎక్కించుకుని దూరప్రయాణం పోవాలని ముచ్చట. ఒక శుక్రవారం పొద్దున్నే షెడ్డు ముందు కారు ఆపాడు.

"అప్పా, ఎల్లుండి నేత్రను పిల్చుకొని హంపికి పోతాండా. ఆ బేరింగు ఎట్లుండాదో నువ్వు విని చెప్పు. నువ్వు బాగుండాది అంటే పోతా. వద్దంటే కారు ఈడనే వదిలిపెట్టి పోతా."

ఆంజనేయప్ప స్క్రూడ్రైవరు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఇంజన్ గుండె దబదబా నిండుగా వినబడింది. ఇంకేమీ లేదు. అప్పుడే టీ తెచ్చిన ఆయన భార్య కెంపమ్మ ఎదురుగా నిలబడి, "ఏందది, లోపల సన్నగా కీచుమంటాండాది?" అంది.

"ఇంజన్ సంగతి నీకేం తెలుసే, పో!" అని కసిరి, అంబరీష్ వైపు తిరిగాడు. "బాగుండాది నాయనా. నిమ్మళంగా పోయి రా."

అంబరీష్ ఏదో అడగబోయి ఊరుకున్నాడు. ఆయన కాళ్ళకు దండం పెట్టి, సంతోషంగా కారెక్కి వెళ్ళిపోయాడు.

కెంపమ్మ మాట మాత్రం పోలేదు, పంటిలో ఇరుక్కున్న పీచులా సలుపుతూనే ఉంది. మధ్యాహ్నం ఇంట్లో పిండి రుబ్బే గ్రైండరు దగ్గరికి పోయి స్విచ్చి వేశాడు. దాని బేరింగు పోయిందని కెంపమ్మ నెల నుంచి మొత్తుకుంటోంది, బాగానే ఉంది పోవే అని ఆయన కొట్టిపారేస్తున్నాడు. ఇప్పుడు స్క్రూడ్రైవరు పెట్టి విన్నాడు. రాయి తిరిగే గరగర తప్ప ఏమీ లేదు. చెవి మార్చి విన్నాడు. అదే గరగర.

"కెంపీ, ఇది కీచుమంటాండాదా?"

"పక్కింటోళ్ళకు కూడా వినపడతాండాది" అంది కెంపమ్మ. ఆయన మొహం చూసి స్విచ్చి కట్టేసి, పక్కనే కూర్చుంది. "ఉగాది నుంచి నీకు సన్న శబ్దాలు వినపడేది లేదు. ఫోన్ మోగితే నేనే తెచ్చి నీ చేతిలో పెడతాండా. నీకు ఎదురుగా వచ్చి మాట్లాడతాండా. చూసినావా?"

"ముందే చెప్పకూడదా?"

"ఎట్ల చెప్పేది? ఊరంతా నీ చెవి గురించే చెప్పుకుంటాండారు. నేనే ఎట్ల చెప్పేది?"

అయ్యో, ఆయనకు ఆమె మీద కోపం కూడా రాలేదు. భయం వేసింది. ఆంజనేయప్పకు చెవుడంట అనే మాట బయటికి పొక్కితే ఈ షెడ్డుకు ఎవరొస్తారు? నలభై ఏళ్ళ పేరు ఒక్క పూటలో పోతుంది. చెప్పకపోతే? హైవే మీద, వెనక లారీలు తరుముతుండగా, ఆ ఇంజన్ బిగుసుకుపోతే? పక్క సీట్లో ఆ పిల్ల ఉంటుంది. ఇంకోసారి చూస్తాను రమ్మని సాకు చెప్పి పిలిపిద్దామా అనుకున్నాడు. పిలిపించి మళ్ళీ చెవి పెట్టి నాటకమాడాలి కదా! ఛీ అనిపించింది.

శనివారం తొలి బస్సెక్కి శిడ్లఘట్ట మీదుగా చింతామణి చేరాడు. ఇంటి ముందు అంబరీష్ కారు తుడుస్తున్నాడు. నేత్ర తినుబండారాల డబ్బాలు సర్దుతోంది. ఆయన్ని చూడగానే ఇద్దరూ సంబరంగా కుర్చీ వేశారు. ఆంజనేయప్ప కూర్చోలేదు.

"నాకు చెవి వినపడేది లేదు నాయనా. ఎన్నాళ్ళైందో నాకే తెలీదు. నిన్న నేను చెప్పింది వినిన మాట కాదు. ఆ ఇంజన్‌లో ఏముండాదో నాకు తెలీదు."

అంబరీష్ చేతిలో గుడ్డ కారు మీద పడేసి దగ్గరికి వచ్చాడు. ఆయనకు వినిపించేలా గట్టిగా అన్నాడు. "నాకు వినపడింది అప్పా. ఆ కీచు. నేత్ర అయితే వారం నుంచి చెప్తానే ఉండాది. నువ్వు బాగుండాది అన్యావు కదా, మా చెవులే సరిగా లేవేమో అనుకుంటిమి."

ఆంజనేయప్ప వాళ్ళు వేసిన కుర్చీలో కూలబడ్డాడు. అందరికీ వినబడిందన్నమాట! కెంపమ్మకు, వీళ్ళిద్దరికీ. తన ఒక్క మాట కోసం ఈ బిడ్డలు తమ చెవుల్ని తామే నమ్మడం మానుకున్నారు. ఆయన తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

తర్వాత ఆయనే లేచాడు. "చెవి లేకపోతే కండ్లుండాయి. ఆయిల్ ఫిల్టరు తీయి" అన్నాడు. విప్పి, లోపలి కాగితాన్ని బ్లేడుతో కోసి, మడతలు విప్పి ఎండలో పరిచారు. నల్లటి నూనెలో సన్నటి తళుకు. అయస్కాంతం దగ్గర పెడితే ఆ తళుకంతా లేచి దానికి అంటుకుంది. ఇనుప రజను. బేరింగు అరుగుతోంది. ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం, రేపు హంపి దాకా మాత్రం నమ్మకం లేదు.

నేత్ర ఆ రజను చూసి భర్త చెయ్యి పట్టుకుంది. అంబరీష్ కారు తాళం జేబులో వేసుకున్నాడు. "హంపి యాడికీ పోదులే. దీన్ని లారీ మీద ఎక్కించుకొని వస్తా, నువ్వే విప్పాల."

"చెవిటోడని చెప్తి కదప్పా!"

"విప్పేది చేతుల్తో కదా? వినేదానికి నేనుంటా."

వద్దంటున్నా భోజనం చేసి పొమ్మని పట్టుబట్టారు. ఆయన ఒప్పుకోలేదు. ఈ సంగతి ప్రమోదకు, నరసింహయ్యకు, అడిగినవాళ్ళందరికీ చెప్పేయమని మాత్రం చెప్పి బస్సెక్కాడు. దారంతా ఆయనకు ఏడుపూ వచ్చింది, గుండె తేలికపడింది కూడా. రెండూ ఒకేసారి ఎలా వస్తాయో ఆయనకే అర్థం కాలేదు.

ఇల్లు చేరేసరికి రెండు దాటింది. కెంపమ్మ పొయ్యి దగ్గర అటు తిరిగి ఏదో పనిలో ఉంది. చెప్పుల చప్పుడు విని, తిరగకుండానే ఏదో అంది. ఇన్ని నెలలూ ఇలాంటప్పుడు ఊఁ అని తలాడించి, కాళ్ళు కడుక్కోవడానికి పోయేవాడు.

"వినపడలే కెంపీ" అన్నాడు. "ఇంకోసారి చెప్పు."

ఆమె చేతిలో పని వదిలేసి చటుక్కున తిరిగింది. ఆయన్ని చూస్తూనే కళ్ళు నిండాయి. దగ్గరికి వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి, పిల్లలకు చెప్పినట్టు ఒక్కో మాటా చెప్పింది.

"అన్నం పెట్టేదా, అని అడిగినా."

"పెట్టు" అన్నాడు ఆంజనేయప్ప.