గొట్టంలో తడిమట్టి

మూంటాలో మెర్విన్ ట్రెగెంజా వాళ్లది గుర్రపు జీన్లు కుట్టే కొట్టు. రాగి గనులు మూతపడి ఊరు సగం ఖాళీ అయినా ఆ కొట్టు మాత్రం మూతపడలేదు. ట్రెగెంజాలు వేసిన కుట్టు తాత వాడినా తెగదు, మనవడు వాడినా తెగదు అని చుట్టుపక్కల రైతులకు నమ్మకం. మెర్విన్ సూది పట్టాడంటే తోలు కూడా గుడ్డలా లొంగిపోయేది. నోరు మాత్రం ఆ సూదంత చురుకు కాదు. ఎల్సీని పెళ్లి చేసుకుంటావా అని అడగడానికి అతనికి మూడేళ్లు పట్టింది. ఆమె ఆ సంగతి చచ్చేదాకా దెప్పుతూనే ఉంది, అతను వింటూ నవ్వుతూనే ఉన్నాడు.

యుద్ధం వచ్చి ఆ సూది చేతిని తీసుకెళ్లి బాంబర్ల రెక్కల కింద పెట్టింది. 1943లో, ముప్పై నాలుగేళ్ల వయసులో, గుడినఫ్ దీవిలో బోఫర్ట్ రకం బాంబరు ఒకదానికి అతను మెకానిక్. ఇంజన్లు వాల్ డంకన్‌వి. రెక్కలు, తోక, చక్రాలు, ఒంటి మీది రేకు మెర్విన్‌వి.

ఆ దీవిలో వాన ఎప్పుడు మొదలయ్యేదో ఎవరూ చూడలేదు, ఎందుకంటే అది ఆగితే కదా మొదలవడానికి. పొద్దున లేస్తే బూట్లలో నీళ్లు. టిఫినుకి డబ్బా మాంసం, మధ్యాహ్నానికి ఉల్లిపాయలు తగిలించిన డబ్బా మాంసం, రాత్రికి అదే మాంసం క్షమించమన్నట్టు కాస్త కూరపొడితో. మలేరియా మాత్రలు మింగి మింగి అందరూ పసుపు రాసుకున్న పెళ్లికొడుకుల్లా తయారయ్యారు. బాంబర్లు రోజు విడిచి రోజు సముద్రం దాటి, జపానువాళ్లు పట్టుకున్న న్యూ బ్రిటన్ దీవి మీదికి పోయేవి, ఒకనాడు గస్మాటాకి, ఒకనాడు రబౌల్‌కి. అవి తిరిగొచ్చే నాలుగ్గంటలూ నేల మీద ఉన్నవాళ్లకి చేతినిండా పనున్నా మనసు పనిలో ఉండేది కాదు. పేకాడేవాడు ముక్క చూడడు, ఉత్తరం రాసేవాడు "ప్రియమైన" దగ్గరే ఆగిపోతాడు. పన్నెండు పోయి పన్నెండూ తిరిగొస్తే, ఆ పూట వంటవాడు కూడా మంచివాడిలా కనిపించేవాడు.

మెర్విన్ విమానాన్ని నడిపేవాడు నార్మన్ కింబర్. ఇరవై రెండేళ్లు, గొర్రెల ఫారం నుంచి వచ్చినవాడు, మాట పొదుపు. అతనితో పాటు ఇంకో ముగ్గురు ఎక్కేవాళ్లు. "విమానం నాది. మీకు ఎరువిస్తున్నాను. గీత పడకుండా తెచ్చివ్వండి," అనేవాడు మెర్విన్ ప్రతిసారీ. అతనికి వచ్చిన జోకు అదొక్కటే. నలుగురూ ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వేవాళ్లు. అందుకే వాళ్లంటే అతనికి ప్రాణం.

ఆ దీవిలో జపానువాళ్ల తర్వాత అంతటి శత్రువు కందిరీగ. మట్టి ముద్దలు మోసుకొచ్చి కన్నం కనిపించిన చోటల్లా గూడు కట్టే రకం. విమానం ముందువైపు వేలెడు లావు గొట్టం ఒకటి బయటికి పొడుచుకుని ఉంటుంది. ఎదురుగాలి ఆ గొట్టంలో దూరితేనే పైలట్ ముందున్న ముల్లు కదిలి, ఎంత వేగంతో పోతున్నాడో చెబుతుంది. గొట్టం మూసుకుపోతే ముల్లు చచ్చిపోతుంది. వేగం తెలియకుండా ఎలాగోలా ఎగరొచ్చు, దిగడమే చావు. మరీ నెమ్మదిస్తే విమానం రాయిలా కూలుతుంది, మరీ జోరైతే రన్‌వే దాటి చెట్లలో దూరుతుంది. అందుకని ఆ గొట్టానికి గుడ్డ తొడుగు వేసి ఉంచాలి. నలుగురూ లోపలికి ఎక్కాకే దాన్ని తీయాలి. బయలుదేరడం ఆలస్యమైతే మళ్లీ తొడగాలి. సర్కారు ఇచ్చిన తొడుగు మరీ వదులుగా ఉందని మెర్విన్ పాత గుడారం గుడ్డ చింపి, మైనం రుద్దిన దారంతో, చీమ కూడా దూరనంత బిగువుగా ఒకటి కుట్టుకున్నాడు.

పక్క విమానం పైలట్ డెస్ క్విల్టీ కళ్లలో అది పడింది. క్విల్టీ నాలుకకి నరం లేదు సరే, పగ్గం కూడా లేదు.

"ఏం అమ్మమ్మా, మనవడికి మేజోడు అల్లావా?"

ఆ రోజుతో దళం మొత్తానికీ మెర్విన్ అమ్మమ్మ అయిపోయాడు.

నవంబరులో ఒక ఉదయం. పదింటికి బయలుదేరాలి. కింబర్ వాళ్లు ఎక్కారు, మెర్విన్ తొడుగు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇంతలో జీపొకటి వచ్చి, గస్మాటా మీద మబ్బు కమ్మి ఉందట, గంట ఆగాలట అని చెప్పి పోయింది. నలుగురూ దిగి రెక్క నీడన చతికిలబడ్డారు. వాన అప్పుడే వెలిసింది. నేలంతా మెత్తటి బురద, అంటే కందిరీగలకి పండగ. మెర్విన్ జేబులోంచి తొడుగు తీశాడు. క్విల్టీ టీ మగ్గు పట్టుకుని కబుర్లకి అక్కడికే వచ్చి కూచున్నాడు.

"తొడుగమ్మమ్మా, తొడుగు! లేకపోతే బిడ్డకి జలుబు చేస్తుంది. పాలు పట్టావా మరి? భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించావా?"

అందరూ పగలబడి నవ్వారు. కింబర్ కూడా నవ్వాడు. మెర్విన్‌కి తగిలింది ఆ నవ్వే. చెవులు ఎర్రబడ్డాయి. తొడుగు మళ్లీ జేబులో కుక్కుకుని, టీ తెచ్చుకుని కూచున్నాడు. గొట్టం దగ్గర ఒక కందిరీగ తిరగడం అతని కంట పడింది కూడా. ఒక గంటలో ఏం మునిగిపోతుందిలే అనుకున్నాడు. సూదిమొన మీద తప్పు పట్టుకునే మనిషి, ఒక్క నవ్వుకి రోషపడి అంత పని చేశాడు.

పదకొండుకి కబురొచ్చింది. విమానాలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. కింబర్ విమానం లేచిన కాసేపటికి టవర్ దగ్గర కలకలం రేగింది. మెర్విన్ పరిగెత్తాడు. కొబ్బరి మొద్దుల మీద నిలబెట్టిన ఆ టవర్ కింద లౌడుస్పీకరు గరగరలాడుతోంది.

"వేగం ముల్లు కదలట్లేదు." కింబర్ గొంతు. "సున్నా మీదే ఉంది. చూసుకునేసరికి ఆగే దూరం లేదు, లేపేశాను."

మెర్విన్ చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయింది. ఏమైందో టవర్ కింద ఉన్న ఇరవై మందిలో అతనొక్కడికే తెలుసు.

బాంబులు సముద్రంలో పారేసి, బరువు తగ్గేదాకా తిరుగుతూ ఉండమన్నారు. తర్వాత దిగడం ఎలాగో ఎవరూ చెప్పలేదు. అప్పుడు ఇంకో గొంతు అడ్డొచ్చింది.

"నేను క్విల్టీని. వెనక్కి వస్తున్నాను, లీడర్‌ని అడిగాను. ఒరే నార్మ్, నా రెక్క పక్కన నీ రెక్క పెట్టుకుని రా. నా ముల్లు ఇద్దరికీ సరిపోతుంది."

రెండు గంటలు. మెర్విన్ రన్‌వే అంచున గడ్డిలో కూచున్నాడు. ఆ ఇరవై రెండేళ్లవాడు, ఆ ముగ్గురు, తన ఒక్క జోకుకి రోజూ నవ్వే ఆ నలుగురూ ఇవాళ తన రోషానికి చచ్చిపోతారు. చిన్నప్పుడు చర్చిలో నేర్చుకున్న ప్రార్థన గుర్తు తెచ్చుకోబోతే మొదటి లైను కూడా రాలేదు.

రెండు విమానాలూ కొండ పక్కనుంచి జంట ఎడ్లలా వచ్చాయి. స్పీకరులో క్విల్టీ అంకెలు చదువుతున్నాడు.

"నూట ముప్పై. చక్రాలు దించు. నూట పాతిక... బావుంది. నూట ఇరవై. తొందర లేదు బాబూ, కింద అమ్మమ్మ ఎదురుచూస్తోంది. నూట పదిహేను. అలాగే ఉంచు. నూట పది. ఇదిగో నేల. ఇక నీదే."

క్విల్టీ విమానం నేలని తాకకుండా పైకి లేచిపోయింది. కింబర్ విమానం చక్రాలు నేలకి తగిలాయి, ఒకసారి ఎగిరాయి, మళ్లీ తగిలాయి. రన్‌వే చివర చెట్ల ముందు అది ఆగింది.

మెర్విన్, వాల్ పరిగెత్తుకుంటూ విమానం దగ్గరికి చేరారు. మెర్విన్ సన్నటి తీగ పెట్టి గొట్టంలోంచి మట్టి లాగాడు. ముద్ద అరచేతిలో పడింది. ఇంకా తడిగానే ఉంది.

వాల్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఒరే, దాన్నలా రెక్క మీద ఎండలో పెట్టు. పావుగంటలో ఎండిపోతుంది. అప్పుడది నిన్నటిదో మొన్నటిదో ఎవడు చెప్పొచ్చాడు? కందిరీగ వచ్చి సాక్ష్యం చెబుతుందా?"

"నాకు తెలుసు కదరా."

"నీకు తెలిస్తే నీలోనే ఉంచుకో. ఎవరూ చావలేదుగా!"

మెర్విన్ ఒక్క క్షణం నిలబడ్డాడు. ఎండ చురుక్కుమంటోంది, ముద్ద అంచు అప్పుడే తెల్లబడుతోంది. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటే చాలు, జన్మలో ఎవరికీ తెలియదు. అతను గుప్పిట మూసి, ముద్దని ఎండ నుంచి దాచుకుని, గబగబా నడిచాడు.

ఇంజనీరింగ్ అధికారి, కింబర్, అప్పుడే దిగిన క్విల్టీ ఒకచోట నిలబడి ఉన్నారు. కింబర్ సిగరెట్టు వెలిగించుకుంటున్నాడు. మెర్విన్ వాళ్ల ముందు గుప్పిట విప్పాడు.

"తడిగా ఉంది సార్, చూడండి. ఇవాళ కట్టిందే. తొడుగు నా జేబులో ఉంది. నేను తొడగలేదు."

కింబర్ ఆ మట్టిని చూశాడు, మెర్విన్ మొహం చూశాడు, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

పద్నాలుగు రోజులు పాయఖానా గుంటలు తవ్వమన్నారు. విమానాన్ని వేరే మెకానిక్‌కి అప్పగించారు. గుంట తవ్వుతున్నంతసేపూ మెర్విన్ తనకిది తక్కువే అనుకున్నాడు. రెండో రోజు క్విల్టీ వచ్చి గట్టు మీద గొంతుక్కూచున్నాడు. ఎప్పుడూ లేనిది, పేరు పెట్టి పిలిచాడు.

"నా విమానానికి కూడా ఒక తొడుగు కుట్టి పెట్టు, మెర్వ్. ఆ చేత్తోనే నా నోటికి కూడా ఒకటి కుట్టు. బిగువుగా."

"నువ్వు వెనక్కి రాకపోతే..." అన్నాడు మెర్విన్. మట్టి చెయ్యి పైకి చాచాడు. క్విల్టీ దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. యుద్ధం ముగిశాక కూడా, ఏటా క్రిస్మస్‌కి మూంటా నుంచి క్విల్టీ ఇంటికి మెర్విన్ చేత్తో కుట్టిన తోలు బెల్టు ఒకటి పోస్టులో వెళ్తూనే ఉండేది. క్విల్టీకి ఎన్ని నడుములున్నాయని ఎల్సీ అడిగేది.

ఐదో రోజు మధ్యాహ్నం కింబర్ వచ్చాడు.

"పైకి రా. విమానాన్ని ఒకసారి ఎగరేసి చూడాలి. నువ్వూ ఎక్కుతున్నావు."

"నేను శిక్షలో ఉన్నాను సార్."

"అడిగే వచ్చాను."

ఏడాదిగా విమానం కింద బతుకుతున్నా మెర్విన్ ఎప్పుడూ గాల్లోకి ఎగిరినవాడు కాదు. కింబర్ అతన్ని తన పక్క సీట్లో కూచోబెట్టి, పట్టీ బిగించి, వేగం ముల్లు చూపించాడు.

"నేను దాని వంక చూడను. నువ్వు చదువు. లేచేటప్పుడూ, దిగేటప్పుడూ. నీ మాట మీదే నడుపుతాను."

"సార్, నేను తప్పు చదివితే?"

"ఇద్దరం చస్తాం. కాబట్టి తప్పు చదవకు."

ఇంజన్లు గర్జించాయి. చెట్లు వెనక్కి పరిగెత్తాయి. ముల్లు వణికింది.

"కదిలింది సార్! నలభై... అరవై..."

"గట్టిగా!"

"ఎనభై! తొంభై! నూరు!"

నేల విడిపోయింది. కింద దీవి పచ్చగా, దాని చుట్టూ సముద్రం. కింబర్ నిజంగానే ముల్లు వంక చూడలేదు. కాసేపటికి ఎదురుగా చూస్తూనే అన్నాడు.

"నీతో మాట్లాడకపోవడం కోపం కాదు, మెర్వ్. ఆ రోజు రెక్క కింద నేనూ నవ్వాను. నవ్వకుండా, తొడగవయ్యా అని ఉంటే నువ్వు తొడిగేవాడివి. ఆ మాట చెప్పడానికి నాకిన్ని రోజులు పట్టింది."

"తప్పు నాది సార్."

"నీదే. కాదనలేదు. కానీ ఆ మట్టి ఎండిపోకముందే తెచ్చి చూపించావు. రేపటి నుంచి నా విమానం కింద నువ్వే ఉండాలి, అడిగి ఒప్పించాను. ఇప్పుడు చదువు, దిగుతున్నాం."

మెర్విన్‌కి కళ్లు మసకబారాయి. మోచేత్తో తుడుచుకున్నాడు, ఎందుకంటే మసక కళ్లతో చదవకూడదు. నూట ముప్పై అన్నాడు. నూట ఇరవై అన్నాడు. తన గొంతులోంచి ఒక్కో అంకె బయటికి రావడం, దాన్ని నమ్మి పక్కనున్నవాడి చెయ్యి కదలడం చూశాడు. నూట పది. చక్రాలు నేలని మెత్తగా తాకాయి. అరవై, ముప్పై, ఇరవై. విమానం ఆగిపోయాక కూడా అతను ముల్లు మీంచి కన్ను తీయలేదు.

"సున్నా సార్," అన్నాడు.

కింబర్ అప్పుడు మొదటిసారి ముల్లు వంక చూశాడు. "సరిగ్గా చదివావు," అన్నాడు.

ఆ సాయంత్రం మెర్విన్ ఎల్సీకి ఉత్తరం రాశాడు. జరిగిందేమీ రాయలేదు, రాయనివ్వరు కూడా. నాలుగే వాక్యాలు. "నేను క్షేమం. ఇవాళ ఒక మంచి మనిషి తన ప్రాణం నా నోటి మాట మీద పెట్టాడు. ఆదివారం చర్చికి వెళ్లినప్పుడు దేవుడికి నా తరఫున కృతజ్ఞతలు చెప్పు. నాకు మాటలు రావని నీకు తెలుసు కదా, నువ్వయితే బాగా చెబుతావు."